గ్లూటెన్ లేని బ్రెడ్‌కి ఎలాంటి మెషిన్ కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయికి సీలియాక్ (గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) అని తేలింది. ఇంట్లో ఉన్న పాత బ్రెడ్ మెషిన్‌నే శుభ్రంగా కడిగి వాడుతున్నా. రొట్టె పైన గుంట పడుతోంది, లోపల బంకబంకగా ఉంటోంది. కొత్తది కొంటే ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు ఆ పాతది అటక ఎక్కించండి. బ్లేడ్ ఇరుసు సందుల్లో దూరిన గోధుమపిండి కడిగినా పూర్తిగా పోతుందని చెప్పలేం. సీలియాక్ ఉన్నవాళ్లకి ఆ కాస్తా చాలు.

జవాబు: నేను నాలుగేళ్లుగా చేస్తున్నా. బటన్ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉంటే సరిపోదు, టైములు మనమే పెట్టుకునేలా ఉండాలి. గోధుమపిండిని మెషిన్ రెండుసార్లు కలుపుతుంది, పొంగాక గాలి తీసేసి మళ్లీ పొంగనిస్తుంది. గ్లూటెన్ లేని మన పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. పొంగిందాన్ని కెలికితే ఇక లేవదు. ఒక్కసారి కలపాలి, ఒక్కసారి పొంగాలి, కాల్చాలి, అంతే.

పిండి ముద్దలా కాదు, గరిటెజారుగా ఉంటుంది. కలుపుతున్నప్పుడు మూత తీసి రబ్బరు గరిటెతో మూలలు గీకాలి. నేను మొదటిసారి గీకలేదు, రొట్టె అడుగున పొడిపిండి తెల్లగా అలాగే మిగిలింది! పొడవాటి గిన్నె అయితే రెండు బ్లేడ్‌లు ఉన్నది చూడండి.

ప్రశ్న అడిగినవారు: మరి ఆ గుంట?

జవాబు: నీళ్లు ఎక్కువయ్యో, మరీ ఎక్కువసేపు పొంగో ఉంటుంది. థర్మామీటర్ గుచ్చి చూడండి, లోపల 96 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పూర్తిగా చల్లారేదాకా కొయ్యకండి, నాకు ఆ ఓపిక ఇప్పటికీ లేదనుకోండి.