టైప్‌స్క్రిప్ట్‌లో రాస్తున్నాం కదా, ఇంకా యూనిట్ టెస్టులు ఎందుకు?

కావలి కుర్రోడు:
రొయ్యల కొనుగోలు లెక్కలు చూసే చిన్న యాప్ మీద ముగ్గురం పనిచేస్తున్నాం. కోడంతా జావాస్క్రిప్ట్ నుంచి టైప్‌స్క్రిప్ట్‌కి (ఏ విలువ నంబరో, ఏది అక్షరాలో టైపులుగా రాసుకునే జావాస్క్రిప్ట్) మార్చేశాం, చెకింగ్ గట్టిగా ఉండేలా స్ట్రిక్ట్ మోడ్ కూడా పెట్టాం. అయినా మా సీనియర్ ప్రతి ఫంక్షన్‌కీ దాన్ని విడిగా నడిపి సరిచూసే యూనిట్ టెస్ట్ రాయమంటున్నారు. నంబర్ బదులు స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇస్తే ఏంటి, నల్ (ఖాళీ విలువ) వస్తే ఏంటి అని పాత టెస్టులే నలభై దాకా ఉన్నాయి. అవన్నీ ఇప్పుడు కోడ్ నడవకముందే కంపైలరే చూసి ఆపేస్తుంది కదా! ఆ టైమేదో టైపులు గట్టిగా రాసుకోవడానికి పెడితే మేలని నా వాదన. మీరేమంటారు?

ఒంగోలు అక్క:
తమ్ముడూ, ఆ నలభైలో చాలావరకు తీసేయొచ్చు, అంతవరకు నీ మాట కరెక్టే. కానీ మీ యాప్‌నే తీసుకో. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే కదా. 30 కౌంట్ పెద్ద రొయ్య, రేటెక్కువ. 100 కౌంట్ చిన్నది. మూడు చెరువుల కౌంట్లు 100, 50, 30 అని ఇచ్చి ఊరికే సార్ట్ చేసి చూడు. 100, 30, 50 అని వస్తుంది! పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే జావాస్క్రిప్ట్ అంకెల్ని అక్షరాల్లాగే పోలుస్తుంది. టైప్‌స్క్రిప్ట్ నోరెత్తదు. ఇచ్చిందీ నంబర్ల వరసే, వచ్చిందీ నంబర్ల వరసే, దాని లెక్కలో తప్పేముంది?

కౌంట్ పెరిగితే రేటు తగ్గాలన్న సంగతి కూడా కంపైలర్‌కి తెలియదు. నేను ముందు పనిచేసిన చోట ఇలాంటి లెక్కలోనే ఒక గుర్తు తిరగబడింది. కంపైల్ శుభ్రంగా అయింది. బిల్లు చూసి రైతు ఫోన్ చేసేదాకా మాకెవరికీ తెలియలేదు. ఆయనకి ఏం చెప్పాలో తెలియక ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కావలి కుర్రోడు:
అక్కా, సార్ట్ ఇప్పుడే నడిపి చూశాను, నిజమే. కానీ కౌంట్‌కీ కిలోకీ రేటుకీ వేర్వేరు బ్రాండెడ్ టైపులు (అన్నీ నంబర్లే అయినా దేని ముద్ర దానికి వేసినవి) పెడితే ఒకదాని చోట ఇంకొకటి వెళ్లదు కదా?

ఒంగోలు అక్క:
పెట్టుకో, మంచిదే. అయితే ఆ బ్రాండ్ బ్రౌజర్ దాకా రాదు. కంపైల్ అయ్యాక టైపులన్నీ పోయి ఉత్త జావాస్క్రిప్టే మిగులుతుంది. సర్వర్ నుంచి 50 స్ట్రింగ్‌గా వచ్చిందనుకో. ఆ డేటాని చదివే జేసన్ పార్స్ ఇచ్చేది ఎనీ, అంటే ఏదైనా కావచ్చనే టైపు, దాన్ని నువ్వు నంబరంటే కంపైలర్ సరే అంటుంది. దానికి 5 కలిపితే 55 కాదు, 505. అందుకే బయటి డేటా లోపలికొచ్చే చోట ఆ స్ట్రింగ్, నల్ టెస్టులు ఉంచు. లోపలి ఫంక్షన్లవి తీసెయ్.

నెల్లూరు టౌన్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. టెస్టులు పాసయ్యాయంటే టైపులు కూడా సరిగ్గా ఉన్నాయని అనుకోకండి. టెస్టులు నడిపే టూల్ వైటెస్ట్ అయినా, బేబెల్‌తో (కోడ్‌ని మార్చిచ్చే టూల్) నడిచే జెస్ట్ అయినా టైపుల్ని చెక్ చేయకుండా తీసేసి నడుపుతాయి. టైప్ ఎర్రర్ ఉన్న ఫైల్ కూడా పచ్చగా పాసవుతుంది. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ టీఎస్‌సీని నోఎమిట్‌తో (ఫైళ్లు రాయకుండా చెక్ మాత్రమే చేసే ఆప్షన్) విడిగా నడపండి, అందులో ఎర్రర్ వస్తే మెర్జ్ (అసలు కోడ్‌లో కలపడం) ఆపేయండి. జెస్ట్‌ని టైప్‌స్క్రిప్ట్‌తో నడిపే టీఎస్-జెస్ట్ అయితే టైపుల్ని మామూలుగానే చెక్ చేస్తుంది, కాకపోతే నిదానం.

కావలి కుర్రోడు:
ఈ విషయం నాకు తెలియదన్నా, మాది వైటెస్టే. రేపు ముందు ఆ టీఎస్‌సీ చెక్ పెట్టి, తర్వాత సార్ట్‌కీ రేటు లెక్కకీ టెస్టులు రాస్తాను. కానీ పేరూ ఊరూ కలిపి చూపించే రెండు లైన్ల ఫంక్షన్లకి మాత్రం రాయను. అక్కడ సీనియర్‌తో వాదిస్తాను.