కె.బి. అంటే కిలోబైటా, కిలోబేసా?

కరోనా వైరస్ మీద ఒక తెలుగు వ్యాసాన్ని ఈమధ్య దిద్దుతూ, "దీని జన్యుపదార్థం 30 కె.బి." అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఫోనులో ఫొటోల సైజు రోజూ చూసుకునే పాఠకుడు దీన్ని కిలోబైట్లుగానే చదువుకుంటాడు; రచయిత ఉద్దేశించినవి కిలోబేసులు, అంటే వేలల్లో లెక్కించిన నత్రజని క్షారాలు (బేసులు), జన్యుపదార్థపు పోగులో వరసగా అక్షరాల్లా ఉండే రసాయన భాగాలు.

ఇంగ్లీషులో పెద్ద బి రాస్తే బైటు, చిన్న బి రాస్తే బిట్టు. జీవశాస్త్రంలో ఆ చిన్న బి బేసు అవుతుంది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేదు కనుక, కె.బి. అన్న ఒక్క రూపమే మూడింటి బరువూ మోయవలసి వస్తోంది.

పైగా ఈ పొరపాటు అంత సులువుగా పట్టుబడదు. ఈ వైరస్ ప్రామాణిక క్రమంలో 29,903 క్షారాలున్నాయి. వాటిని ఏ, సి, జి, టి అక్షరాలుగా (ఆర్‌ఎన్‌ఏలో ఉండేది యు అయినా డేటాబేసుల్లో టి అనే రాస్తారు) సాదా టెక్స్టు ఫైలులో పెడితే, అక్షరానికొక బైటు చొప్పున ఫైలు కూడా దాదాపు 30 కిలోబైట్లే అవుతుంది. రెండు లెక్కలూ ఒకే అంకె దగ్గర కలిసినప్పుడు ఎవరికి అనుమానం వస్తుంది? అయితే ఉన్నవి నాలుగక్షరాలే కాబట్టి ఒక్కోదానికి రెండు బిట్లు, అంటే బైటులో నాలుగో వంతు, చాలు. అలా కుదిస్తే ఫైలు ఏడున్నర కిలోబైట్లకు దిగుతుంది, క్షారాలు మాత్రం ఒక్కటీ తగ్గవు. ఒకటి నిల్వకు పట్టే చోటు, రెండోది అణువు పొడవు.

"క్షార జతలు" అంటే సరిపోతుందని కొందరంటారు. మనిషి మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 16,569 క్షార జతలున్నాయనడం సబబే. కరోనా వైరస్‌ది ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ. జత కట్టడానికి ఎదుటి పోగు లేదు కనుక అక్కడ ఆ మాట తప్పవుతుంది. పోనీ జతలున్నచోట కె.బి.పి. (కిలో బేస్ పెయిర్లు, అంటే వేల క్షార జతలు) అందామంటే, సెకనుకు కిలోబిట్లను చెప్పే కె.బి.పి.ఎస్. పక్కనే కాచుకుని ఉంది.

నా మట్టుకు నేను ఆ వాక్యాన్ని "దీని జన్యుపదార్థంలో ఒకే పోగుగా సుమారు 30 వేల క్షారాలుంటాయి" అని మార్చాను. పట్టికల్లో కుదింపు తప్పనిసరైతే, కి.మీ., కి.గ్రా. అని మనం ఎప్పటినుంచో రాస్తున్న పద్ధతినే ఇక్కడా పాటించవచ్చు: కిలోబేసుకు కి.బే., కిలోబైటుకు కి.బై., కిలోబిట్టుకు కి.బి. ఇంగ్లీషు అక్షరం సైజుతో చూపించే తేడాను, అది కలిపేసే బిట్టు, బేసుల తేడాను కూడా, మన గుణింతం స్పష్టంగా చూపిస్తుంది.