టెక్సస్‌లో లైసెన్స్ ఉన్న మిడ్‌వైఫ్ షార్లెట్‌లో చెల్లదా? నర్సు కాని మిడ్‌వైఫ్‌ల రూల్స్ తెలిసినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో కోడలు:
అక్కలూ, కొంచెం అర్జెంట్. నాకిప్పుడు 23వ వారం, రెండో కాన్పు. మొదటిది హైదరాబాద్‌లో నార్మల్ అయింది. ఆ రోజు మా ఫ్లోర్‌లో ఆపరేషన్ కానిది నాకొక్కదానికే, నర్సులు కూడా వచ్చి చూసి వెళ్లారు. ఇక్కడ ఫ్రిస్కోలో ఒక మిడ్‌వైఫ్ దగ్గర చూపించుకుంటున్నా. ఆవిడ నర్సు కాదు, ఆ సంగతి మొదటి రోజే చెప్పి కాగితం మీద సంతకం పెట్టించుకుంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ గోడకే ఉంది. వెళ్లిన ప్రతిసారీ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడుతుంది, నాకు బాగా కుదిరింది.

ఇప్పుడు మావారి ప్రాజెక్ట్ నార్త్ కరొలినాలోని షార్లెట్‌కి మారింది, వచ్చే నెలలో వెళ్లాలి. డబ్బులిస్తాం, డెలివరీ టైమ్‌కి అక్కడికి రాగలరా అని అడిగితే, నార్త్ కరొలినాలో నాలాంటివాళ్లకు లైసెన్సే లేదమ్మా, వస్తే నా మీద కేసవుతుంది అంది. డ్రైవింగ్ లైసెన్స్ అన్ని రాష్ట్రాల్లో చెల్లినప్పుడు ఇదెందుకు చెల్లదు? అటు మా అత్తగారేమో ఫోన్ చేసి, అమెరికా దాకా వెళ్లి మంత్రసాని చేత పురుడు పోయించుకుంటావా అని ఒకటే సణుగుడు. రెండు రోజులుగా నిద్ర లేదు.

ప్లానో అన్న:
మిడ్‌వైఫ్ అంటే నర్సు అయ్యుండాలి అమ్మా. నర్సు కాకపోతే అమెరికాలో ఎక్కడైనా ఇల్లీగలే. మంచి హాస్పిటల్ చూసుకో.

ఎడిసన్ వదిన:
అన్నయ్యగారూ, ఆగండి. మీరుండే టెక్సస్‌లోనే నర్సు కాని మిడ్‌వైఫ్‌లకు లైసెన్స్ ఉంది. ఇస్తున్నది టీడీఎల్ఆర్, అంటే ఎలక్ట్రీషియన్లకీ బార్బర్లకీ లైసెన్స్ ఇచ్చే డిపార్ట్‌మెంటే. నవ్వొస్తుంది గానీ నిజం. కాలిఫోర్నియాలో ఇదే పని మెడికల్ బోర్డు చూస్తుంది, మా న్యూజెర్సీలో మెడికల్ ఎగ్జామినర్స్ బోర్డు, ఫ్లోరిడాలో హెల్త్ డిపార్ట్‌మెంట్. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో గొడవ.

చెల్లీ, ముందు మూడు పొట్టి పేర్లు గుర్తుపెట్టుకో. సీఎన్ఎం అంటే సర్టిఫైడ్ నర్స్-మిడ్‌వైఫ్, నర్సు అయ్యాక మిడ్‌వైఫరీలో మాస్టర్స్ లాంటి చదువు చదివినావిడ. ఈమెకు 50 రాష్ట్రాల్లోనూ లైసెన్స్ దొరుకుతుంది, ఎక్కువమంది హాస్పిటల్లోనే పనిచేస్తారు. సీఎం అంటే ముఖ్యమంత్రి కాదు, సర్టిఫైడ్ మిడ్‌వైఫ్. నర్సింగ్ చదవదు, కానీ సీఎన్ఎం రాసే పరీక్షే రాస్తుంది. న్యూయార్క్, న్యూజెర్సీ, రోడ్ ఐలండ్ లాంటి కొన్ని రాష్ట్రాలే గుర్తిస్తాయి. మూడోది సీపీఎం, ఇదీ పార్టీ కాదు. ఇంట్లో, లేదా బర్త్ సెంటర్‌లో (హాస్పిటల్ కాకుండా కాన్పుల కోసమే ఉండే చోటు) కాన్పులు చేసే సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్. నార్మ్ అనే సంస్థ 1994 నుంచి ఈ సర్టిఫికెట్ ఇస్తోంది. మీ ఫ్రిస్కో ఆవిడ దగ్గర ఉన్నది ఇదే అయ్యుంటుంది.

అందరూ తడబడేది ఇక్కడే. సీపీఎం సర్టిఫికెట్ దేశం మొత్తానికీ ఒకటే, కానీ అది చదువుకున్నట్టు రుజువు మాత్రమే. పని చేసుకోమని అనుమతి ఇవ్వాల్సింది బిడ్డ పుట్టే రాష్ట్రం. మన దగ్గర లా చదివిన ప్రతివాడూ కోర్టులో వాదించలేడు కదా, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి, అలాగ. ఒకే సర్టిఫికెట్ ఉన్న మనిషి టెక్సస్‌లో బోర్డు పెట్టుకోవచ్చు, న్యూయార్క్‌లో పెట్టుకోలేదు, నార్త్ కరొలినాలో కాన్పు చేస్తే నేరం. అక్కడ 1983 చట్టం ప్రకారం నర్సు-మిడ్‌వైఫ్‌లకే అనుమతి. ఆవిడ రానన్నది మొండితనంతో కాదు, నిజాయితీ. వస్తానన్నవాళ్లనే అనుమానించాలి.

ఇంకోటి, రూల్స్ మారుతూ ఉంటాయి. ఇల్లినాయిలో సీపీఎం లైసెన్స్ చట్టం 2022 అక్టోబర్‌లోగానీ అమల్లోకి రాలేదు, మసాచుసెట్స్‌లో 2024లో సంతకమైంది. నాలుగేళ్ల కిందటి వాట్సాప్ మెసేజ్ చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకండి.

ప్లానో అన్న:
ఓకే, నాకు తెలియదు. సారీ. అయినా హాస్పిటలే మేలని నా అభిప్రాయం.

ఫోర్ట్ మిల్ అక్క:
అభిప్రాయం ఎవరిది వాళ్లది. పని జరిగే మాట నేను చెప్తా, ఎందుకంటే నేనుండేది అక్కడే.

షార్లెట్ నార్త్ కరొలినా అంచున ఉంటుంది. ఊరి దక్షిణ కొసనున్న బాలంటైన్ నుంచి కిందికి పది నిమిషాలు కారు నడిపితే సౌత్ కరొలినా వచ్చేస్తుంది: ఫోర్ట్ మిల్, ఇండియన్ ల్యాండ్. పేరే ఇండియన్ ల్యాండ్, మనవాళ్లు దిగకుండా ఉంటారా! సౌత్ కరొలినా నర్సు కాని మిడ్‌వైఫ్‌లకు ఏనాటి నుంచో లైసెన్స్ ఇస్తోంది. రోడ్డుకి అటు నేరం, ఇటు లైసెన్స్. మా రెండోవాడు ఇటే పుట్టాడు. మావారి ఆఫీసు షార్లెట్ అప్‌టౌన్‌లోనే.

కాబట్టి చెల్లీ, ఇల్లు వెతికేటప్పుడే ఆలోచించుకో. అద్దె ఇల్లు సౌత్ కరొలినా వైపు తీసుకుంటే అక్కడి లైసెన్స్ ఉన్న మిడ్‌వైఫ్ నీ ఇంటికే వస్తుంది. బాలంటైన్‌లో తీసుకుంటే ఆవిడ గీత దాటి రాలేదు, నొప్పులు మొదలయ్యాక నువ్వే ఇటువైపు బర్త్ సెంటర్‌కి రావాలి. బిడ్డ ఏ గడ్డ మీద పుడితే బర్త్ సర్టిఫికెట్ ఆ రాష్ట్రానిదే, అడ్రస్‌తో సంబంధం లేదు. ఒక తలనొప్పి మాత్రం ఉంది: ఇటు ఉండి అటు ఉద్యోగం చేస్తే రెండు రాష్ట్రాల్లోనూ ట్యాక్స్ ఫైల్ చేయాలి.

నార్త్‌లోనే ఉండిపోవాలనుకుంటే నర్సు-మిడ్‌వైఫ్‌ని వెతుక్కో. 2023 చట్టంతో, 24 నెలలు, 4,000 గంటల అనుభవం ఉన్నవాళ్లకు డాక్టర్ పర్యవేక్షణ ఒప్పందం అక్కర్లేకుండా పోయింది. కానీ ఇంటికొచ్చి చేసేవాళ్లు తక్కువ, 30వ వారం దాటాక అడిగితే ఖాళీ లేదంటారు.

బయల్దేరే ముందు షుగర్ టెస్ట్ చేయించుకునే రా. 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు, నీకు సరిగ్గా టైమ్. మనవాళ్లలో గర్భంలో షుగర్ రావడం మామూలైపోయింది. ఇన్సులిన్ దాకా వెళ్తే ఇలాంటి మిడ్‌వైఫ్‌లు కేసు డాక్టర్‌కి అప్పగిస్తారు, అది 34వ వారంలో తెలిస్తే అప్పుడు మొత్తుకోవాలి. స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు, మొదటి కాన్పు డిశ్చార్జ్ సమ్మరీ ఫోన్లో ఫొటోలుగా కాదు, ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకో.

అట్లాంటా నుంచి:
మా అనుభవం కూడా చెప్తాను, పేర్లు వద్దు. జార్జియా సీపీఎంలకు లైసెన్స్ ఇవ్వదు. ఆ సంగతి తెలియకుండానే ఇంట్లో కాన్పుకి ఒప్పుకున్నాం. వచ్చినావిడ మంచి మనిషే, కాన్పు కూడా బాగానే జరిగింది. తర్వాత మొదలైంది అసలు పురుడు. లైసెన్స్ ఉన్న చోట బర్త్ సర్టిఫికెట్ కాగితాలు మిడ్‌వైఫే పంపిస్తుంది. మాకు ఆఫీసుకెళ్తే, ఈ బిడ్డను మీరే కన్నారని ఆధారమేంటి అన్నారు. గర్భంతో ఉన్నప్పటి డాక్టర్ కాగితాలు, పిల్లల డాక్టర్ మొదటి చెకప్ రిపోర్ట్, ఆ తేదీకి మేము ఈ రాష్ట్రంలోనే ఉన్నామని ఇంటి లీజు, ఒకటి ఇస్తే ఇంకోటి అడిగారు. నెలలు పట్టింది. సర్టిఫికెట్ లేకుండా పాస్‌పోర్ట్ రాదు, పాస్‌పోర్ట్ లేకుండా ఇండియా ప్రయాణం లేదు. తెనాలిలో అన్నప్రాసనకి హాలు కూడా మాట్లాడేశారు మా నాన్న, టికెట్లు క్యాన్సిల్ చేసుకుని వీడియో కాల్‌లో చేశాం. పాప కత్తి పట్టుకుందా పుస్తకం పట్టుకుందా అని అటువైపు నలభైమంది ఒకేసారి అరుస్తున్నారు, నెట్ ఆగిపోయింది.

అందుకే ఏ మిడ్‌వైఫ్‌నైనా మొదటి రోజే అడగండి: లైసెన్స్ నంబరెంత, బర్త్ సర్టిఫికెట్ కాగితాలు ఎవరు పంపిస్తారు, తేడా వస్తే ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, అక్కడిదాకా మీరు కూడా వస్తారా, రక్తం ఆగకపోతే ఇచ్చే ఇంజెక్షన్ మీ దగ్గర ఉంటుందా. మందుల రూల్ కూడా రాష్ట్రానికో రకం. నంబరు ఇచ్చారు కదా అని వదిలేయకుండా, రాష్ట్రం వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రెండు నిమిషాల పని.

నల్గొండ టు న్యూజెర్సీ:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా తోడికోడలు ఇండియాలో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసింది, రిజిస్ట్రేషన్‌లో నర్స్ అండ్ మిడ్‌వైఫ్ అని రెండూ ఉన్నాయి. దాంతో ఇక్కడ మిడ్‌వైఫ్ లైసెన్స్ వస్తుందా?

బోథెల్ నుంచి:
నేరుగా రాదండి. అక్కడ మిడ్‌వైఫ్ అన్న మాట సర్టిఫికెట్‌లో ఉన్నా, ఇక్కడ ఆ రిజిస్ట్రేషన్‌తో ఏ రాష్ట్రమూ లైసెన్స్ చేతిలో పెట్టదు. ఆమెకు దగ్గరి దారి చదువు మూల్యాంకనం చేయించుకుని ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్స్ పరీక్ష రాసి ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు కావడం, ఆ తర్వాత ఇష్టముంటే నర్సు-మిడ్‌వైఫ్ మాస్టర్స్.

నేను ఇక్కడ సీపీఎం దారిలో ట్రైనింగ్ చేస్తున్నా, అందుకే చెప్తున్నా, అది సులువని అనుకోకండి. స్కూల్లో చదవకుండా గురువు దగ్గర నేర్చుకునే పద్ధతిలో మొదట 10 కాన్పులు చూడాలి, 20 కాన్పుల్లో సాయం చేయాలి, తర్వాత 25 మన చేతుల మీదుగా చేయాలి, గురువు పక్కనే ఉంటుంది. గర్భిణుల చెకప్‌లు, బాలింతల చెకప్‌లు, పసిబిడ్డల పరీక్షలు వేరే లెక్క. కనీసం రెండేళ్లు పడుతుంది, చివర్లో పరీక్ష. గుర్తింపు ఉన్న స్కూల్లో చదవకపోతే కొన్ని రాష్ట్రాలు 50 గంటల బ్రిడ్జ్ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే లేచి వెళ్లాలి. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్న సామెత ఎవరో ఊరికే పుట్టించలేదని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. వీసా సంగతి కూడా చూసుకోండి, హెచ్4 డిపెండెంట్ వీసా మీద, ఈఏడీ అనే పని అనుమతి లేకుండా ఇలాంటి పనిలో దిగేముందు లాయర్‌ని అడగాలి.

ఫ్రిస్కో అక్కా, మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఏపీలో 42.4. అది తగ్గించాలనే తెలంగాణ ప్రభుత్వమే మళ్లీ మిడ్‌వైఫ్‌లకు ట్రైనింగ్ మొదలుపెట్టింది, కాకపోతే అక్కడ నర్సులకే ఇస్తారు.

ఫ్రిస్కో కోడలు:
అందరికీ దండాలు. ఫోర్ట్ మిల్ అక్కా, మీరు చెప్పకపోతే మేము బాలంటైన్‌లో అపార్ట్‌మెంట్‌కి డిపాజిట్ కట్టేసేవాళ్లం, ఈరోజే చివరి తేదీ. నిన్న అటువైపు ఒక మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేశా. లైసెన్స్ నంబరు అడగడానికి మొహమాటపడుతుంటే ఆవిడే చెప్పేసి, వెబ్‌సైట్‌లో ఎక్కడ చూడాలో కూడా చెప్పింది. చూశా, ఉంది. మొదటిసారి ఆపరేషనా నార్మలా అన్నదే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న. షుగర్ టెస్ట్ గురువారం. ఇక్కడి ఆవిడ నా ఫైలంతా ప్రింట్ తీసి ఇస్తానంది.

అత్తగారికి 60.7 చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పింది, తను పుట్టినప్పుడు కూడా పురుడు పోసింది మంత్రసానేనట, వాళ్ల ఊళ్లో, ఇంట్లోనే, ఆ సంగతి ఇన్నాళ్లూ చెప్పనేలేదు.

ఇండియన్ ల్యాండ్‌లో టూ బెడ్‌రూమ్ అద్దె ఎంతుందో, స్కూలు దగ్గర్లో ఏది బాగుంటుందో ఎవరైనా చెప్పండి, పెద్దదానికి ఆగస్టులో కిండర్‌గార్టెన్.