సర్వర్‌లో పెట్టాక సూత్రాల ఎడిటర్‌లో వర్గమూలం గుర్తు చెడిపోతోంది, సాయం చేయండి

దేవరకొండ లెక్కల సార్:
అందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గర జెడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. తెలుగు మీడియం పదో తరగతికి ప్రశ్నపత్రం తయారు చేయాలంటే మాకు ఇప్పటికీ టెన్షనే. చేత్తో రాసి డీటీపీ సెంటర్‌లో ఇస్తే సూత్రాన్ని బొమ్మగా అతికిస్తారు. ఘాతంలో ఉండాల్సిన రెండు పక్కకు దిగిందంటే లెక్కే మారిపోతుంది, కష్టపడి చదివిన పిల్లకు మార్కులు పోతాయి. అది నేను చూడలేను. అందుకే సెలవుల్లో మ్యాథ్‌లైవ్ లైబ్రరీతో (వెబ్ పేజీలో లెక్కల సూత్రాలు టైప్ చేయడానికి రెడీగా దొరికే కోడ్) సూత్రాలు రాసుకునే ఒక వెబ్ పేజీ తయారు చేశాను.

నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. గిట్‌హబ్ పేజెస్‌లో (వెబ్ పేజీలను నెట్‌లో పెట్టుకునే చోటు) పెట్టాక వర్గమూలం గీత అంకెల మీదికి రావట్లేదు, పెద్ద బ్రాకెట్లు ఎటో పోతున్నాయి. ఇంకోటి, మధ్యగతం సూత్రంలో భిన్నం లోపల భిన్నం ఉంటుంది కదా, ఫోన్‌లో కర్సర్ అందులోంచి బయటికి రాక మా టీచర్లు మధ్యలోనే వదిలేస్తున్నారు. ఏం చేయాలి?

మిర్యాలగూడ తమ్ముడు:
సార్, మొదటిది ఫాంట్లు దొరకక వచ్చే సమస్యలా ఉంది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి, ఫాంట్ ఫైళ్ల పక్కన 404 (ఫైల్ దొరకలేదు) అని ఎర్రగా కనిపిస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో మీ ప్రాజెక్ట్ అడ్రస్ చివర రిపాజిటరీ (గిట్‌హబ్‌లో మీ ఫైళ్లుండే ఫోల్డర్) పేరు ఉంటుంది. ఫాంట్ల దారి స్లాష్‌తో మొదలైతే బ్రౌజర్ ఆ పేరును వదిలేసి పై ఫోల్డర్‌లో వెతుకుతుంది. ఆ స్లాష్ తీసేసి, ఫాంట్ల ఫోల్డర్ ఎక్కడుందో ఫాంట్స్ డైరెక్టరీ సెట్టింగ్‌లో చెప్పండి. వర్గమూలం, బ్రాకెట్ల ఎత్తు ఆ ఫాంట్ల కొలతలతోనే లెక్కగడతారు. అవి లేకపోతే ఫోన్‌లో ఉన్న మామూలు ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, అందుకే అన్నీ కదిలిపోతాయి.

ఫాంట్లను బయటి సీడీఎన్ (ఫైళ్లు అందించే వేరేవాళ్ల సర్వర్లు) నుంచి తీసుకోకండి సార్. మీ దగ్గరే పెట్టుకుని సర్వీస్ వర్కర్ (పేజీ ఫైళ్లను బ్రౌజర్‌లో దాచి ఉంచే చిన్న స్క్రిప్ట్) రాస్తే, ఒకసారి తెరిచిన పేజీ నెట్ లేకపోయినా నడుస్తుంది. దానికి హెచ్‌టీటీపీఎస్ కావాలి, గిట్‌హబ్ పేజెస్‌లో ఎలాగూ ఉంది.

పాలమూరు టీచర్:
నేనూ లెక్కల టీచర్‌నే, మహబూబ్‌నగర్. సార్, ఖాళీ పెట్టె ఇచ్చి సూత్రం కట్టుకోమంటే టీచర్లు కట్టరు. ‘మధ్యగతం’ అని ఒక కీ పెట్టండి. అది నొక్కగానే సూత్రం మొత్తం ఖాళీ గడులతో రావాలి, ఒక్కో గడిని ముట్టుకుని నింపుకుంటూ పోతారు. మ్యాథ్‌లైవ్‌లో వాటిని ప్లేస్‌హోల్డర్ అంటారు. వర్గ సమీకరణం మూలాలకు, బాహుళకానికి కూడా అలాగే చేయండి. ఇంటిగ్రల్, మాత్రికల కీలు తీసేయండి, పదో తరగతికి వాటితో పనేముంది? కీలు తక్కువుంటే ఫోన్‌లో పెద్దగా కనిపిస్తాయి. మా స్కూల్లో కళ్లజోడు పెట్టుకునే సీనియర్ సార్లకు అదే ముఖ్యం.

నల్గొండ డీటీపీ అన్న:
సార్, సూత్రాన్ని బొమ్మగా మాత్రం దాచకండి, లేటెక్ (సూత్రాన్ని మామూలు అక్షరాలతో రాసే పద్ధతి) రూపంలో టెక్స్ట్‌గానే దాచండి. వచ్చే ఏడాది అంకెలు మార్చి అదే లెక్క వాడుకోవచ్చు. తెలుగు వాక్యం సూత్రం బయటే ఉండాలి, అదీ యూనికోడ్‌లో. మా పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది తెచ్చి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వర్డ్ కావాలన్నవాళ్లకు మ్యాథ్‌ఎంఎల్ (వెబ్ పేజీల్లో సూత్రాలు రాసే కోడ్) కాపీ బటన్ ఇవ్వండి. దాన్ని వర్డ్‌లో టెక్స్ట్‌గా పేస్ట్ చేస్తే దిద్దుకోగలిగే సమీకరణంగా మారుతుంది. క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్ నుంచి మ్యాథ్‌ఎంఎల్‌ను నేరుగా చూపిస్తోంది గానీ, పాత ఫోన్ల కోసం కేటెక్ (లేటెక్ సూత్రాన్ని బ్రౌజర్‌లో చూపించే లైబ్రరీ) ఉంచడమే మంచిది.

దేవరకొండ లెక్కల సార్:
తమ్ముడూ, స్లాష్ తీసేయగానే వర్గమూలం సరిగ్గా కూర్చుంది. మేడమ్ చెప్పిన మధ్యగతం కీ కూడా పెట్టాను. మా సైన్స్ సార్ ఫోన్‌లో నన్ను అడగకుండానే సూత్రం నింపారు, ఎంత సంతోషమైందో! సర్వీస్ వర్కర్, వర్డ్ బటన్ ఇంకా రాయాలి. మేడమ్, త్రికోణమితికి ఏ కీలు ఉంచాలో ఒక జాబితా పంపగలరా?