చిన్న మోడల్ విమానానికి బ్రాండెడ్ రిసీవర్ తప్పనిసరా?

అనంతపురం శివార్లలో, వేరుశనగ తీసేసిన చేలల్లో ఫోమ్ విమానాన్ని ఎగురవేస్తుంటాను. నా ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునే రిమోట్) స్పెక్ట్రమ్ (Spektrum) కంపెనీది, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ కంపెనీ రేడియో పద్ధతి అయిన డీఎస్ఎంఎక్స్‌పై పనిచేస్తుంది. దానికి సరిపోతుందని కొన్న ఒక చౌక రిసీవర్ (విమానంలో ఉండి ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ను అందుకునే పరికరం) మొన్న ఆదివారం సుమారు 200 మీటర్ల దూరంలో సిగ్నల్ కోల్పోగా, ఆగవలసిన మోటారు సగం థ్రాటిల్‌తోనే (సగం శక్తితోనే) తిరుగుతూ విమానాన్ని తుమ్మచెట్టుపైకి తీసుకుపోయింది. సిగ్నల్ పోతే మోటారు ఏ స్థితికి వెళ్లాలన్నది, అంటే ఫెయిల్‌సేఫ్, రిసీవర్‌ను ట్రాన్స్‌మిటర్‌తో జతచేసేటప్పుడే (బైండ్) ఖాయమవుతుంది; అప్పుడు థ్రాటిల్‌ను పూర్తిగా కిందికి ఉంచానో లేదో నాకే గుర్తులేదు కనుక తప్పంతా రిసీవర్‌దేనని అనలేను. అయితే విప్పి చూస్తే ఉన్న ఒక్క యాంటెన్నా, సిగ్నల్‌ను అడ్డుకునే కార్బన్ కడ్డీకి ఆనుకుని ఉంది. రెండు యాంటెన్నాలను 90 డిగ్రీల కోణంలో అమర్చుకోగల బ్రాండెడ్ రిసీవర్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం మేలా, లేక ఫెయిల్‌సేఫ్ సరిచేసి, యాంటెన్నాను కడ్డీకి దూరంగా జరిపి, రేంజ్ పరీక్ష (సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం) చేసుకుంటే చౌకదే చాలునా? రెండు రకాలూ వాడినవారు దయచేసి చెప్పగలరు.