కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర సిమ్‌వాస్టాటిన్ పనిచేయలేదని తేలాక ఎం.ఎస్. (మల్టిపుల్ స్క్లెరోసిస్) జబ్బులో కొలెస్ట్రాల్ మీద పి.హెచ్.డి. దండగేనా?

టెక్కలి అమ్మ (ప్రశ్న):
మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయింది. పి.హెచ్.డి.కి తను ఎంచుకున్నది, ఆగకుండా ముదిరే రకం మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కొలెస్ట్రాల్ పాత్ర. ఈ జబ్బులో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను పాడుచేస్తుందట. చుట్టాలంతా "ఉద్దానం పక్కన పుట్టి, కిడ్నీల మీద చెయ్యకుండా ఇదేటి?" అంటున్నారు. మీరేమంటారు?

పలాస మాస్టారు:
అమ్మా, ఏమనుకోకండి, నేనూ అదే అంటాను. మా వీధిలో డయాలసిస్‌కి తిరిగేవాళ్లు ముగ్గురు. కవిటి, సోంపేట, మందస వైపు ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా ఖాయంగా తేలలేదు. ఎం.ఎస్. సంగతి బ్రిటన్‌లో తేలిపోయింది. 964 మందితో ట్రయల్ చేసి, రోజుకి 80 మిల్లీగ్రాముల సిమ్‌వాస్టాటిన్ ఇచ్చి చూశారు. వైకల్యం ముదరడం ఆగలేదని 2024లో చెప్పారు. అయిపోయిన దాని మీద పిల్ల అయిదేళ్లు ఎందుకు పోసుకోవాలి?

బొబ్బిలి అన్న:
మాస్టారూ, ఉద్దానం బాధ కాదనను. "తేలిపోయింది" అన్న మాట మాత్రం ఒప్పుకోను.

మా తమ్ముడికి ఎం.ఎస్. మొదట్లో వచ్చి తగ్గేది, ఇప్పుడు తగ్గడం లేదు. కుడికాలి చెప్పు గడప దగ్గర జారిపోయినా వాడికి తెలియదు, నాలుగడుగులు వేశాక కిందికి చూసుకుంటాడు. రోహిణి కార్తెలో ఒళ్లు వేడెక్కితే చూపు మసకబారుతుంది. మెడ మీద తడి తువ్వాలు వేసుకుని కూర్చుంటే తేరుకుంటుంది. ఎవరో చెప్పారని మా అత్త వాడికి గుడ్డు, నెయ్యి మానిపించింది. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గింది. కాలు మాత్రం అలాగే ఉంది.

అప్పటి నుంచి దొరికిందల్లా చదివాను. ఒంటి బరువులో మెదడు 2 శాతమే గానీ, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో దాదాపు నాలుగో వంతు అక్కడే ఉంటుంది, అదీ ఎక్కువగా మైలిన్‌లోనే. రక్తంలోది మామూలుగా లోపలికి పోదు, మెదడు తనకు కావలసింది తనే తయారుచేసుకుంటుంది. ఈ రెండూ వేరువేరు ఖాతాలు.

ఇక ఆ మాత్ర. 2014లో 140 మందితో చేసిన చిన్న ట్రయల్‌లో మెదడు కుంచించుకుపోవడం సుమారు 43 శాతం నెమ్మదించింది. అందరం ఆశపడ్డాం. 2019లో ఆ లెక్కలే తిరగేసి చూస్తే, ఆ మేలు రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గడం వల్ల వచ్చినట్టు కనపడలేదు. మరి మాత్ర పనిచేయకపోతే కొలెస్ట్రాల్ ప్రశ్న ఎలా మూసుకుపోతుంది?

అసలు ప్రశ్న చెత్త ఎత్తే దగ్గర ఉంది. మైలిన్ విరిగితే ఆ ముక్కల్ని మింగే కణాలుంటాయి. ముసలి ఎలుకల్లో అవి మింగిన కొలెస్ట్రాల్‌ని బయటికి పంపలేక, లోపలే అది స్ఫటికాలు కట్టి, కొత్త పొర రావడం కుంటుపడిందని 2018లో చూపించారు. అంతకు ఏడాది ముందు, 2017లో వచ్చిన ప్రయోగంలో ఎలుకలకు కొలెస్ట్రాల్ తినిపిస్తే పొర బాగుపడటం మెరుగైంది. ఒకచోట పేరుకుపోయి చేటు, ఒకచోట అందక చేటు. ఇది విప్పేవాళ్లు కావాలి సార్.

పార్వతీపురం ఫార్మసీ:
ఇది చదివి ఎవరూ 80 మిల్లీగ్రాములు సొంతంగా కొనుక్కోవద్దు. కండరాలు దెబ్బతింటున్నాయని ఆ డోసు కొత్తగా మొదలుపెట్టొద్దని అమెరికాలో 2011లోనే చెప్పారు.

పలాస మాస్టారు:
ఖాతాలు వేరన్న సంగతి నాకు తెలియదు, అది ఒప్పుకుంటున్నాను. కానీ ఎలుకకి జరిగింది మనిషికి జరుగుతుందా? పైగా ఈ జబ్బు మన జిల్లాలో ఎంతమందికి ఉంటుంది?

బొబ్బిలి అన్న:
ఎలుక మాట నిజమే, నాకూ అదే బెంగ. తక్కువమందికే అన్నదీ నిజమే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎం.ఎస్. పేరు రాసి ఉంది. అయినా సర్టిఫికెట్ కోసం వెళితే కౌంటర్లో ఆయన "అలాంటి జబ్బు లేదు" అని కాగితాలు వెనక్కి తోశాడు. తక్కువమంది అంటే మాకు అయ్యేది అదే. అమ్మా, మీ అమ్మాయిని గైడ్‌ని ఒకటి అడగమనండి: కుర్ర ఎలుకల మీదే చేస్తారా, ముసలి ఎలుకల మీద కూడానా? ముదిరే రకం వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా కనబడుతుంది.

టెక్కలి అమ్మ:
రాసుకుంది బాబూ. మాస్టారూ, ఇంకా ఖాయం చేసుకోలేదు, మీ మాటా చెప్పాను. తను మాత్రం ఒకటి అడగమంది: తమ్ముడికి గుడ్డు మళ్లీ పెట్టొచ్చేమో డాక్టరుగారిని కనుక్కున్నారా?