సమస్యాపూరణం: ‘కాలిబంతినిఁ జేతితోఁ గాదె గెలిచె’

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతిలో చివరి పాదం. పూరణ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్ రాన్ బరాసి (1936–2023) జీవితానికి సంబంధించినదై ఉండాలి. ఆ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. జట్టుకు పద్దెనిమిది మంది, కోలగా ఉండే మైదానం, కోలగా ఉండే బంతి. బంతిని విసరడం నిషిద్ధం గాని, ఒక అరచేతిలో నిలిపి రెండో చేతి పిడికిలితో కొట్టి తోటివాడికి అందించవచ్చు. దానినే హ్యాండ్‌బాల్ అంటారు. గోలుకు ఆరు పాయింట్లు, గోలు స్తంభానికీ పక్క స్తంభానికీ మధ్య నుంచి పోతే ఒక్కటి.

కాలిబంతినిఁ జేతితోఁ గాదె గెలిచె

మొదటి పూరణ (రాజమహేంద్రవరం సభ్యుడు):

సగము గడచిన యాటలో జయము దూర
మయ్యె, బారాసి యంతట మంత్రముగను
జెవులఁ బడఁ బిడికిలి దెబ్బఁ జెప్పి పంపి
కాలిబంతినిఁ జేతితోఁ గాదె గెలిచె.

ఇది 1970 గ్రాండ్ ఫైనల్ గురించి. మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో 1,21,696 మంది చూస్తుండగా బరాసి శిక్షణలోని కార్ల్‌టన్ జట్టు, సగం ఆట ముగిసేసరికి కాలింగ్‌వుడ్ కంటే 44 పాయింట్లు వెనకబడి ఉంది. విరామంలో ఆయన చెప్పినది ఒక్కటే: ఆగకుండా ఆడండి, పిడికిలితో బంతిని అందిస్తూనే ఉండండి. చివరికి కార్ల్‌టన్ 111–101తో గెలిచింది.

నిర్వాహకుడు: ఆర్యా, సందర్భాన్ని ఎంచుకోవడంలోనే మీరు సగం మార్కులు కొట్టేశారు. అయితే ‘బారాసి’ అని పేరును సాగదీయడం నాకు నచ్చలేదు. ‘బరాసి’ లఘువు, గురువు, లఘువు కలిసిన జగణం. సూర్యగణాలలో గాని ఇంద్రగణాలలో గాని లఘువు, వెంటనే గురువుతో మొదలయ్యేది ఒక్కటీ లేదు కనుక ఆ ‘బ’ను ముందు మాటకు అతికించడమే దారి. ‘మయ్యె, నపుడు బరాసి తా మంత్రముగను’ అంటే ‘నపుడుబ’ నలమూ, ‘రాసి తా’ రగణమూ అవుతాయి, మకార యతీ చెడదు. మనిషి పేరు మనిషిదిగానే మిగులుతుంది.

మెల్‌బోర్న్‌లో ఉంటున్న సభ్యురాలు: సవరణ బాగుంది గాని, అన్నగారూ, అర్థం విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. ఈ ఆటలో పిడికిలితో కొట్టిన బంతి గోలు స్తంభాల మధ్య నుంచి పోయినా ఒక్క పాయింటే వస్తుంది. ఆరు పాయింట్లు రావాలంటే దాడి చేసే జట్టువాడి కాలే తగలాలి. ఆనాడు విరామం తరువాత అదనపు ఆటగాళ్ల బల్ల మీద నుంచి లేచి వచ్చిన టెడ్ హాప్కిన్స్ నాలుగు గోలులూ కాలితోనే కొట్టాడు. ‘చేతితోఁ గాదె’ అని నొక్కి చెబితే అతని కాలికి అన్యాయం చేసినట్లు కాదా?

రాజమహేంద్రవరం సభ్యుడు: అమ్మా, హాప్కిన్స్ పేరును కూడా ఇమిడ్చాలంటే సీసం రాయాలి! బంతిని అతని దాకా చేర్చింది చేయి అన్నదే నా భావం. నిర్వాహకుల సవరణను స్వీకరిస్తున్నాను.

రెండో పూరణ (వరంగల్లు సభ్యుడు):

ఆఱు కప్పులఁ గాలితో నాడి గెలిచి,
పిదప నాలుగుఁ బొందెను, వెలుప లుండి
వ్రేలు చూపుచు జట్టును వెలుఁగఁ జేసి
కాలిబంతినిఁ జేతితోఁ గాదె గెలిచె.

నిర్వాహకుడు: లెక్క సరిపోయింది. మెల్‌బోర్న్ జట్టు ఆటగాడిగా 1955, 56, 57, 59, 60, 64లలో ఆరు. కోచ్‌గా కార్ల్‌టన్‌కు 1968, 1970లలో, నార్త్ మెల్‌బోర్న్‌కు 1975, 1977లలో నాలుగు. ఆట నియమాలతో పని లేకుండా, కాలు ఆటగాడిది, చేయి కోచ్‌ది అని సమస్యను విడదీశారు. మెల్‌బోర్న్ సోదరి అభ్యంతరం కూడా దీనికి తగలదు. ‘వెలుపలుండి’ మీద నాకు కాసేపు సందేహం కలిగింది. 1965లో మెల్‌బోర్న్‌ను విడిచి, అభిమానులను నిర్ఘాంతపరచి కార్ల్‌టన్‌కు వెళ్లినప్పుడు ఆయన కెప్టెనూ కోచూ కూడా, అక్కడ యాభై మ్యాచులు స్వయంగా ఆడాడు. కాని కోచ్‌గా గెలిచిన నాలుగు ఫైనళ్లలోనూ ఆయన మైదానంలో లేడు కనుక మాట నిలబడుతుంది.

ఇంకొక సభ్యుడు 1986లో మారడోనా చేతితో వేసిన గోలు మీద చక్కని పద్యం పంపారు. ధార బాగుంది గాని ఆట వేరు, మనిషి వేరు. అక్కడ చేయి తగలడం తప్పు, ఇక్కడ అది నియమం. తప్పును ఒప్పుగా చూపడం కాదు ఈ సమస్యలోని చమత్కారం. అందుచేత స్వీకరించలేదు.

మూడో పూరణ (మెల్‌బోర్న్ సభ్యురాలు):

తండ్రి టోబ్రూకు నేలలోఁ దనువు విడువ
గురువు నార్మునింటను జేరి కొడుకు పెరిగి
చేయిఁ బట్టిన పెద్దల చెలిమి నంది
కాలిబంతినిఁ జేతితోఁ గాదె గెలిచె.

తండ్రి రాన్ బరాసి సీనియర్ 1940లో కప్పు గెలిచిన మెల్‌బోర్న్ జట్టులో ఆడి, మరుసటి ఏడే రెండో ప్రపంచ యుద్ధంలో, లిబియాలోని టోబ్రూక్ వద్ద మరణించాడు. అప్పటికి కొడుకు వయసు ఐదేళ్లు. తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్ తరువాత ఆ జట్టుకే కోచ్ అయి, పిల్లవాడికి తన ఇంటి వెనక చోటిచ్చాడు. తండ్రి ఆడిన క్లబ్బులో కొడుకు చేరవచ్చన్న నియమం తోడై, 1953లో అతడు మెల్‌బోర్న్ జట్టు తరఫున మైదానంలోకి దిగాడు.

వరంగల్లు సభ్యుడు: నా వేలు కంటే మీ చేయి పెద్దది, సోదరీ. అయితే ‘నార్ము’ అంటే తెలుగు పాఠకుడికి ఎవరో తెలుస్తుందా?

నిర్వాహకుడు: వివరణ లేకుండా తెలియదు, అది లోపమే. ‘తనువు విడువ’ కూడా యుద్ధంలో నేలకొరిగిన సైనికుడికి కొంచెం మెత్తని మాట. అయినా ‘చేతితో’ అన్న ఒక్క మాటకు పెంచిన చేయి అన్న అర్థం తెచ్చినవారు మీరొక్కరే. మొదటి పూరణ ఆటను చూసింది, రెండోది లెక్కను చూసింది, మీది మనిషిని చూసింది. ఈ వారం బహుమతి మూడో పూరణకే. మొదటి పూరణ సవరించిన రెండో పాదంతో పుటలో ఉంటుంది.